తొంభయ్యో రోజున బోటు లేదు

ఈ ద్వీపాల్లో నేను చేరినన్నిసార్లు ఉద్యోగంలో చేరిన మనిషి ఇంకొకడు లేడు. ఆ మాటకొస్తే భూమండలంలోనే లేడేమో. కనుక్కునే తీరిక ఎవరికీ లేదు కాబట్టి రికార్డు నాదేనని నిశ్చయించుకున్నాను. తొమ్మిదేళ్ళలో ఒకే ఆఫీసులో, ఒకే కుర్చీలో, ముప్పై ఆరు సార్లు చేరాను. విష్ణుమూర్తి అంతటివాడు పది అవతారాలతో సరిపెట్టుకుని పాలసముద్రంలో నడుం వాల్చాడు. మన చుట్టూ ఉన్నది ఉప్పు సముద్రం, ఇందులో ఆ సౌకర్యం లేదు.

ఆఫీసు పేరు చెప్పను. చెబితే మళ్ళీ చేర్చుకోరన్న భయం ఇప్పుడు లేదుగానీ, తొమ్మిదేళ్ళ అలవాటు ఒక్కపూటలో పోదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటవాలు రోడ్డు మీద రెండంతస్తుల భవనం. వానలు మొదలైతే గోడలకి మనకన్నా ఎక్కువ చెమటలు పడతాయి. అందులో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్ని. మా కాంట్రాక్టు ఎనభై తొమ్మిది రోజులది. తొంభయ్యో రోజున తీసేస్తారు. తొంభై ఒకటో రోజున మళ్ళీ చేర్చుకుంటారు. మధ్యలో ఆ ఒక్కరోజునీ బ్రేక్ అంటారు. ఎందుకయ్యా ఈ తతంగం అంటే, తొంభై రోజులు తెగకుండా పనిచేసిన మనిషికి తానూ ఉద్యోగినేమోనన్న అనుమానం వస్తుందట. అనుమానం ముదిరితే కోర్టుకెక్కుతాడట. అందుకని జ్వరం పెరగకముందే మాత్ర వేసినట్టు, మూడు నెలలకోసారి నన్ను ఒకరోజు నిరుద్యోగిని చేసి ఆరోగ్యంగా ఉంచేవారు.

ఇందులో నా ప్రత్యేకత ఒకటుంది. ఆఫీసు మొత్తంలో టైపింగు సరిగ్గా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నన్ను తీసేసే ఉత్తర్వుని నేనే కొట్టేవాణ్ణి. అక్షరదోషాలు నేనే దిద్దేవాణ్ణి. మార్జిన్లు సర్ది, ప్రింటు తీసి, సాబ్ సంతకానికి పెట్టి, తిరిగొచ్చాక 'అందుకున్నాను' అని నేనే సంతకం చేసి, గుర్తింపు కార్డు తీసి నా సొరుగులో నేనే పెట్టి తాళం వేసేవాణ్ణి. చరిత్రలో తలారులున్నారు, ఉరికంబం ఎక్కినవాళ్ళూ ఉన్నారు. రెండు పనులూ ఒక్కడే, అదీ చిరునవ్వుతో, మూడు నెలలకోసారి చేసిన దాఖలా నాకెక్కడా కనపడలేదు.

అంతా అయ్యాక తొంభయ్యో రోజు పది గంటలకల్లా ఫోన్ వచ్చేది. ప్రింటరు మింగిన కాయితం కక్కడం లేదనో, సాబ్ గారి ఫైలు కంప్యూటర్లో మాయమైందనో. వెళ్ళేవాణ్ణి. ఆవేళ ఉద్యోగిని కాను కాబట్టి గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో రాయాలి. 'ఎవరిని కలవాలి' అన్న గడిలో నా పేరే రాసేవాణ్ణి. లోపలికెళ్ళి, నా కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా నాకోసం నేను ఎదురుచూసి, ఇక నేను రానని నిర్ధారణ చేసుకుని ఇంటికి వచ్చేసేవాణ్ణి.

ఇక్కడ ఉద్యోగాలు రెండే జాతులు. పక్కా, కచ్చా. ఇళ్ళని అన్నట్టే అంటారు. మా మావగారు చాతం రంపపు మిల్లులో పక్కా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రిటైరైనా ఆ పక్కాతనం ఒంట్లోంచి దిగలేదు, రోడ్డు తన పేరున రిజిస్టరైనట్టు నడుస్తాడు. పెళ్ళిచూపుల్లో ఆయన నన్నడిగిన ఒకే ఒక్క ప్రశ్న, పక్కాయా కచ్చాయా అని. అప్పుడు ఇంకో ఆఫీసులో ఇంకో కాంట్రాక్టు. పక్కా అవుతుందండీ అన్నాను. ఆ 'అవుతుంది' మీద పదిహేనేళ్ళుగా మా కాపురం నడుస్తోంది. ఈ మధ్య ఆయన బంధువులతో, మా అల్లుడిది పక్కా ఉద్యోగం కాదు, పక్కన ఉద్యోగం అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి పక్కన అని ఎవరూ అడగలేదు.

నేనొక్కణ్ణే కచ్చా అయితే కుమిలిపోయేవాణ్ణి. మేముండే డైరీ ఫార్మ్ సందు నన్ను ఆ అవసరం లేకుండా కాపాడింది. ఎదురింటాయన టూరిస్టు సీజనులో గైడు, వానాకాలంలో ఏమీ కాడు. పక్కింటావిడ టీచరు. వేసవి సెలవులివ్వగానే టీచరు కాకుండా పోయి, బడి తెరిచాక మళ్ళీ టీచరవుతుంది. పై వాటా అతను సముద్రంలో మునిగి టూరిస్టులకి ఫోటోలు తీస్తాడు, ఫోటోకి ఇంత అని. టూరిస్టులు మునగని రోజున ఇతను మునుగుతాడు. సందు మొత్తం మీద పన్నెండు నెలలూ ఉద్యోగంలో ఉన్నది వీధి కుళాయి ఒక్కటే. అదీ రోజు విడిచి రోజు.

ఇంట్లో మాత్రం కొన్ని చిక్కులుండేవి. మా అమ్మాయి బడి ఫారం నింపుతూ 'తండ్రి వృత్తి' దగ్గర కలం ఆపి, గోడ మీద క్యాలెండరు వైపు ఓసారి చూసి, "నాన్నా, ఆజ్ ఆప్ క్యా హో?" అనేది. ఈ రోజు నువ్వేంటి అని. పిల్ల తప్పేం లేదు, తారీకుని బట్టే కదా నేను.

ఇలా నా జన్మలు సాఫీగా గడుస్తుండగా, పోయిన వర్షాకాలంలో నన్ను హట్ బే పంపారు. అదింకో ద్వీపం, పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటులో ఇంచుమించు ఒక పగలు ప్రయాణం. అక్కడ మాకో చిన్న శాఖ ఉంది, దాని కంప్యూటరు ప్రాణం విడిచింది. రికార్డులన్నీ మళ్ళీ ఎక్కించాలి. నేను ఎనభై నాలుగో రోజున బయల్దేరి, ఎనభై తొమ్మిదో రోజున తిరిగొచ్చి, తొంభయ్యో రోజు పొద్దున్నే ఆఫీసులో హాజరై తీయించుకోవాలి. తీసేసే ఉత్తర్వు, మళ్ళీ చేర్చుకునే ఉత్తర్వు రెండూ ముందుగానే కొట్టి ఫైల్లో పెట్టి మరీ వెళ్ళాను. అన్ని శాఖలకీ కాపీలు వెళ్ళాయి. సముద్రానికే పంపడం మరిచారు.

ఎనభై ఎనిమిదో రోజున గాలి తిరిగింది. ఎలాంటి గాలి అంటే, కొబ్బరిచెట్లు వంగి రోడ్లు ఊడ్చాయి. అలలు జెట్టీ ఎక్కి, బజారు దాటి, మా శాఖ గుమ్మందాకా వచ్చి అటెండెన్సు వేసుకుని పోయాయి. ఆ గాలి ఒక మేకని కంచె అవతలికి ఎగరేసి, పొరపాటు తెలుసుకుని మళ్ళీ ఇవతలికి తెచ్చిందని అక్కడివాళ్ళు చెప్పారు. నేను చూడలేదుగానీ ఆ మేక మొహం చూశాను, నమ్మాను. బోట్లన్నీ క్యాన్సిల్.

ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం బడేబాబు ఫోన్ చేశాడు. బడేబాబు అంటే మా హెడ్ క్లర్కు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, తను ఇక్కడే పుట్టాడు. వాక్యం తెలుగులో ఎక్కి హిందీలో దిగుతాడు. దుర్మార్గుడు కాడు. రూలు పుస్తకాన్ని పసిబిడ్డలా చూసుకుంటాడు, అంతే.

"తమ్ముడూ, రేపు నిన్ను తియ్యాల కదా. యేడున్నావు?"

"హట్ బేలోనే బడేబాబు గారూ. బోటు లేదు."

"బోటు లేకపోతే ఎలా తియ్యడం? సంతకం ఎవడు పెడతాడు?"

ఆ గొంతులో ఆందోళన నిజమైనది. జవాబు చెప్పేలోపు ఫోను పోయింది, నెట్ పోయింది, కరెంటు ఎలాగూ ముందే పోయింది. మరి నాలుగు రోజులు నేను ప్రపంచానికి అందలేదు. అందని మనిషిని తీసేయడానికి రూలు పుస్తకంలో వీలు లేదు. ఆ విధంగా, నా తొంభయ్యో రోజున, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, నేను ఉద్యోగంలో ఉన్నాను. అక్కడి శాఖ ఇన్‌ఛార్జి ఒంటరి మనిషి. హాజరు పట్టీలో తన సంతకం కింద ఇంకో సంతకం చూసి చాన్నాళ్ళయిందేమో, జనరేటరు వేయించి నాతో పని చేయించి, నాలుగు రోజులూ నా చేత సంతకాలు పెట్టించి, ప్రతిదాని పక్కనా సీలు గుద్దాడు. వాన కన్నా గట్టిగా గుద్దాడు.

తిరిగొచ్చేసరికి బడేబాబు జ్వరంతో సెలవులో ఉన్నాడు. మళ్ళీ చేర్చుకున్నట్టు ఉత్తర్వు ముందే తయారుగా ఉంది కాబట్టి నేను నా కుర్చీలో కూర్చున్నాను. 'వాతావరణం బాగాలేనందున టూరు నాలుగు రోజులు పొడిగించడమైనది' అని ఒక కాయితం కొట్టి సాబ్ ముందు పెట్టాను. సాబ్ మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన అధికారి. చదవకుండా సంతకం పెట్టడంలో ఆయన వేగం బోట్లకుంటే హట్ బేకి అరగంటలో వెళ్ళొచ్చు. పెట్టేశాడు. నన్ను తీసేసే ఉత్తర్వు మాత్రం నా సంతకం లేకుండా ఫైల్లో ఉండిపోయింది. బడేబాబు మర్చిపోయాడు. నిజం చెప్పాలంటే నేనూ మర్చిపోయాను.

రెండు నెలలకి ఒక ప్రకటన వచ్చింది. ఇంకో శాఖలో క్లర్కు ఉద్యోగాలు, పక్కావి. నా వయసువాళ్ళకి తలుపు ఎప్పుడో మూసేశారు. కాకపోతే ఒక చిన్న కన్నం వదిలారు. కాంట్రాక్టు మీద నూట ఇరవై రోజులు బ్రేక్ లేకుండా పనిచేసినవాళ్ళకి నలభై అయిదేళ్ళ దాకా సడలింపు. నాకు నలభై అయిదు నిండడానికి అయిదు నెలలుంది. మా సందులో ఆ ప్రకటన చదివి అందరం కడుపుబ్బ నవ్వాం. ఎనభై తొమ్మిదికి తెంపేవాళ్ళే నూట ఇరవై దాకా తెగనివాళ్ళని రమ్మంటున్నారు. నోరు కుట్టేసి పాటల పోటీ పెట్టినట్టుంది అన్నాడు ఎదురింటి గైడు. నేనూ వాళ్ళతోపాటు నవ్వుతూ కుళాయి కింద బిందె పెట్టాను. నవ్వుతూనే లెక్కపెట్టాను. ఎనభై తొమ్మిది. హట్ బేలో తొంభయ్యోది. ఆ తర్వాత ఇప్పటిదాకా అరవై. బిందె నిండి, పొర్లి, సందు చివరిదాకా నీళ్ళు పోతున్నా నేను కదల్లేదని తర్వాత చెప్పారు. నీళ్ళు వచ్చే రోజున అలాంటి పని చేసినవాణ్ణి డైరీ ఫార్మ్ ఇంకా క్షమించలేదు.

మర్నాడు బడేబాబు దగ్గరికెళ్ళి, నూట ఇరవై రోజులు తెగకుండా చేసినట్టు సర్టిఫికెట్టు కావాలన్నాను. నవ్వాడు. ఫైలు తెరిచాడు. నవ్వు ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు, తప్పు కళ్ళజోడుదేమోనని. తీసేసే ఉత్తర్వు మీద నా సంతకం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. మా ఆఫీసులో అంత తెల్లటి చోటు నేనెప్పుడూ చూడలేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, టీ తెప్పించి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు.

"తమ్ముడూ, పాత తారీకేసి ఒక్క సంతకం పెట్టెయ్. ఫైలు పూరా అయిపోద్ది. బస్."

"ఆవేళ నేను హట్ బేలో ఉన్నాను కదా బడేబాబు గారూ. నా చెయ్యొక్కటీ ఇక్కడికెలా వచ్చింది?"

"సంతకానికి బోటు టికెట్టు అక్కర్లేదు భాయ్."

ఆ మాటకి నాకే ముచ్చటేసింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి, బెదిరింపు కాదు సుమా అంటూ, విషయం చెప్పాడు. సంతకం పెడితే ఎప్పట్లాగే తొంభై ఒకటో రోజున మళ్ళీ చేర్చుకుంటారు. పెట్టకుండా సర్టిఫికెట్టు అడిగితే, ఒక మనిషిని బ్రేక్ లేకుండా ఉంచినందుకు సాబ్ పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. అలాంటి మనిషిని మళ్ళీ చేర్చుకోరు. సంతకం పెడితే సర్టిఫికెట్టు రాదు. సర్టిఫికెట్టు వస్తే కుర్చీ పోతుంది. పెన్ను పట్టుకునే కూర్చున్నాను. టీ మాత్రం తాగేశాను.

ఇంటికొచ్చి చెప్పాను. మావగారు అక్కడే ఉన్నాడు. పదిహేనేళ్ళు నా ఉద్యోగాన్ని ఎద్దేవా చేసిన మనిషి ఒక్కసారిగా ప్లేటు తిప్పి, కచ్చాయో గిచ్చాయో చేతిలో ఉన్నది వదులుకోకు, ఆ పరీక్షకి ఎంతమంది వస్తారో, అందులో నీకొస్తుందని ఏమిటి అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. నా చదువు సంగతి ఆయనకి తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

మా ఆవిడ పెరట్లో చేపలు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"తొమ్మిదేళ్ళ నుంచీ ఆళ్ళు తీసేత్తామంటే మీరే టైపు కొట్టి ఇచ్చేరు. ఏ ఒక్కసారీ నానేం అన్లేదు. ఈసారి ఆళ్ళు తియ్యనేదు. తియ్యనేక కాదు, సముద్రం తియ్యనియ్యనేదు. ఆళ్ళు చెయ్యని పని మీరెందుకు చేత్తారు?"

మావగారు ఏదో అనబోయాడు. "నానా, మీరు చాయ్ తాగండి," అంది. ఆయన తాగాడు. పక్కా మనుషులు కూడా కొన్ని ఉత్తర్వులకి లోబడతారు.

మరునాడు, టూరు బిల్లుకని హట్ బే నుంచి తెచ్చుకున్న హాజరు పట్టీ కాపీ, నాలుగు సీళ్ళతో సహా, పట్టుకుని సాబ్ గదిలోకి వెళ్ళాను. సర్టిఫికెట్టు నేనే టైపు చేశాను, ఇంకెవరు చేస్తారు. నా జీవితంలో కొట్టిన కాయితాల్లోకెల్లా గొప్పది. మార్జిన్లు కొలబద్దతో కొలిచాను. మామూలుగా అయితే సంతకాల దొంతరలో పెడితే చదవకుండా పెట్టేసేవాడు. అలా పెట్టొచ్చు కదా అని దారంతా అనుకున్నాను. దొంతరలో పెట్టలేదు. విడిగా, మధ్యలో, ఆయన కళ్ళజోడు పక్కనే పెట్టి నిలబడ్డాను. ఎందుకలా చేశానో అప్పుడు తెలియదు. దొంగచాటుగా తీసేయించుకోవడం అలవాటైన మనిషి, ఉన్నాడన్న మాటైనా ఎదురుగా అనిపించుకోవాలనుకున్నాడేమో.

ఆయనకి బదిలీ ఉత్తర్వులొచ్చాయి, రెండు వారాల్లో మెయిన్‌లాండ్ వెళ్ళిపోతున్నాడు. నేను చేరాక మొదటిసారి ఆయన ఒక కాయితం చదవడం చూశాను. పెదవులు కదుపుతూ చదివాడు. బడేబాబు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పాత తారీకు సంతకం సంగతి మెల్లగా ఎత్తాడు. సాబ్ ఫైలు తిరగేసి, టూరు పొడిగింపు కాయితం దగ్గర ఆగాడు. అందులో నేను తొంభయ్యో రోజున హట్ బేలో ఉన్నట్టు, దాని కింద ఆయన సంతకం. అదే రోజున పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో కాయితం అందుకున్నట్టు నేను సంతకం పెడితే, ఒక మనిషిని రెండు ద్వీపాల్లో నిలబెట్టిన అధికారిగా ఆయన మెయిన్‌లాండ్ వెళ్ళాల్సి వస్తుంది. ఎవరు టైపు చేశారిది అన్నాడు. నేనే సార్ అన్నాను. తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం సగమే. మిగతా సగం, ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో ఒక మనిషి కూర్చున్నాడా అన్న ఆశ్చర్యం అనుకుంటాను.

"సర్టిఫికెట్ లే లో," అన్నాడు సంతకం పెడుతూ. "రెన్యువల్ మత్ మాంగ్‌నా."

కాయితం తీసుకో, మళ్ళీ చేర్చుకోమని మాత్రం అడక్కు. ఈ ఎనభై తొమ్మిదితో సరి. బయటికొచ్చాక బడేబాబు నా భుజం మీద చెయ్యేసి, రూలు ప్రకారం నువ్వు చేసింది కరెక్టే తమ్ముడూ అన్నాడు. ఆ మనిషికి అంతకన్నా పెద్ద పొగడ్త తెలియదు.

దరఖాస్తులకి చివరి రోజున సాయంత్రం నాలుగింటికి ఆ రెండో ఆఫీసు కౌంటరు ముందు నిలబడ్డాను. కొత్త అర్జీదారుడు కాయితాలు ఇన్నిసార్లు లెక్కపెట్టుకుంటాడని నాకు తెలియదు, ఎప్పుడూ పాత అర్జీదారుణ్ణే కదా. కౌంటరులో ముప్పై ఏళ్ళ అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, దాని మీద చెల్లుబాటు తారీకు కొట్టేసి, పెన్నుతో ఇంకోటి, అదీ కొట్టేసి ఇంకోటి. కాయితాలు చకచకా తిప్పుతూ సర్టిఫికెట్టు దగ్గర ఆగింది. చదివింది. మళ్ళీ చదివింది. పక్క బల్ల దగ్గరావిడకి చూపించింది. ఇద్దరూ దాన్ని వెలుతురుకి పట్టి చూశారు, తవ్వకాల్లో దొరికిన నాణెంలాగా.

తప్పేమైనా ఉందా అన్నాను. లేదంది. నా ఇంటిపేరు చూసి తెలుగులోకి మారింది. తనకి ఏడేళ్ళ సర్వీసట, ఇలాంటి కాయితం ఒక్కటీ ఈ కౌంటరుకి రాలేదట. ఎలా తప్పించుకున్నారని అడిగింది. హట్ బే అని, గాలి అని, బోటు లేదని, సాధ్యమైనంత తక్కువ పెంచి చెప్పాను. వరసలో నా వెనకాలవాళ్ళు కూడా గొణగడం మానేసి విన్నారు.

సీలు వేసి, రసీదు చింపి ఇచ్చింది. మడత పెట్టి జేబులో వేసుకుని కదలబోతుంటే, కిటికీ కన్నంలోంచి ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"బోట్లు ఏ నెల్లో ఎక్కువ క్యాన్సిల్ అవుతాయి భయ్యా? నా బ్రేక్ వచ్చే నెల రెండో వారంలో పడతాది."